పాఠకుడు పెట్టే ఇంటిపేరు

పుస్తకాల షాపులో కౌంటర్ పక్కన కాసేపు నిలబడి వినండి. వచ్చేవాళ్లలో చాలామందికి పుస్తకం పేరు సగమే గుర్తుంటుంది, రచయిత పేరు ఆ సగం కూడా ఉండదు. "అదేనండీ, పసలపూడి కథలు రాసిన సినిమా డైరెక్టరు గారిది..." అంటారొకరు. "మిథునం శ్రీరమణ గారివి ఇంకేమున్నాయి?" అంటారింకొకరు. "షాడో పుస్తకాలున్నాయా?" అని అడిగే పెద్దమనిషికి మధుబాబు పేరు ఎత్తే అవసరమే రాదు. ఆయన మాట పూర్తయ్యేసరికే కౌంటర్లో కుర్రాడు అటు తిరిగి ఉంటాడు.

మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. రచయితకి పాఠకులు ఇంకో ఇంటిపేరు తగిలిస్తారు. మిథునం శ్రీరమణ, షాడో మధుబాబు, కథానిలయం కారా మాస్టారు, అత్తగారి కథల భానుమతి. ఈ రెండో ఇంటిపేరు వచ్చినవాళ్ల గురించి ఒకరు ఇంకొకరికి చెప్పడం తేలిక. రానివాళ్లు ఎంత బాగా రాసినా "ఎవరో ఉన్నారండీ, బాగా రాస్తారు, పేరు నోట్లో ఆడుతోంది" దగ్గరే ఆగిపోతారు. వాళ్ల పుస్తకం అమ్మకం కూడా అక్కడే ఆగుతుంది.

తన గురించి తాను చెప్పుకోవడం అనేసరికి మన రచయితలు రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టుకి అది చిన్నతనం. రాయడం వరకే మన పని, మిగతాది కాలం చూసుకుంటుంది అంటారు. అచ్చేయించిన ఐదొందల కాపీల్లో మూడొందలు మంచం కింద కట్టల్లోనే ఉంటాయి. రెండో జట్టు పొద్దున లేచింది మొదలు ఫేస్‌బుక్‌లో కవర్ పేజీ, సన్మానం ఫొటో, ఎవరో పంపిన మెచ్చుకోలు స్క్రీన్‌షాట్ పెడుతూనే ఉంటారు. నెల తిరిగేసరికి స్నేహితులు కూడా చూడకుండానే లైక్ కొట్టి దాటిపోతారు. నా లెక్కలో ఇద్దరూ ఒక్క ప్రశ్ననే తప్పించుకుంటున్నారు. మీ పుస్తకం చదివినవాడు పక్కవాడికి మీ గురించి ఒక్క ఊపిరిలో ఏం చెప్పాలి? దానికి జవాబు దొరికితే తక్కువ మాట్లాడినా సరిపోతుంది. దొరక్కపోతే ఎంత మాట్లాడినా వృథా.

ఈ విద్యలో మనకి పాత గురువులున్నారు, తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఇద్దరూ పండిత కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. ఆ రోజుల్లో అలాంటి ఇళ్లలో మీసం పెంచడం తప్పు కింద లెక్క. వీళ్లు పెంచారు. ఊరికే పెంచి ఊరుకోలేదు, దాని మీద పద్యం కూడా చెప్పారు. తప్పని తెలిసే పెంచాం, సంస్కృతంలోనూ తెలుగులోనూ మేమే కవులమని చూపించడానికి పెంచాం, ఎవరికైనా రోషం కలిగితే మమ్మల్ని గెలవండి, గెలిస్తే ఈ మీసం తీసేసి మీ కాళ్లకి మొక్కుతాం అని దాని సారాంశం. వందేళ్లు దాటినా సాహిత్య సభల్లో ఆ మీసం కథ చెప్పకుండా వాళ్ల ప్రస్తావన ముగియదు.

ఇందులో ఎన్ని పనులు ఒక్కసారే జరిగాయో విడదీసి చూడాలి. గుంపులో కంటికి ఆనే గుర్తు ఒకటి దొరికింది. ఆ గుర్తుకి అర్థం వాళ్లే చెప్పారు, ఎవరో ఊహించుకునే పని లేకుండా. చూసినవాడు ఇంటికెళ్లి చెప్పుకోవడానికి పందెం ఒకటి ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పందెం వెనక సరుకుంది. అష్టావధానం, శతావధానం అంటే నలుగురి ఎదుట అడిగినవాడికి అడిగినట్టు పద్యం చెప్పి, చివర్లో అన్నీ వరసగా అప్పజెప్పే పరీక్ష. సంస్థానం నుంచి సంస్థానానికి తిరిగి అక్కడల్లా ఆ పరీక్షకి నిలబడ్డారు. ఆ రాజదర్శనాల మీదే 'నానారాజ సందర్శనం' అని పుస్తకం వేశారు. ఇవాళ బుక్ టూర్ అని మనం గొప్పగా చెప్పుకునేది అదే. మీసం లేకపోయినా వాళ్లు గొప్ప కవులే అయ్యేవాళ్లు. అవధానం లేకుండా మీసం మాత్రం ఉండి ఉంటే ఈపాటికి ఎవరికీ తెలిసేవాళ్లు కాదు.

పేరు సంగతి కూడా గమనించండి. ఇద్దరి పేర్లూ కలిపి ఒకటే పేరు. 1920లో తిరుపతిశాస్త్రి పోయాక కూడా వేంకటశాస్త్రి ఆ జంటపేరు వదల్లేదు. స్నేహధర్మం అది, అందులో సందేహం లేదు. దాంతోపాటు పాఠకుడికి అలవాటైన పేరు చెక్కుచెదరకుండా నిలబడింది.

అంటే రేపటి నుంచి అందరూ మీసాలు పెంచమని కాదు. మార్క్ ట్వెయిన్ తెల్లసూటు చూసి తెల్లసూటు, ఇంకెవరిదో గడ్డం చూసి గడ్డం... అరువు గుర్తులు నిలబడవు. ట్వెయిన్ 1906 డిసెంబరు చలిలో కాపీరైట్ గడువు పెంచాలని వాదించడానికి అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందుకి తెల్లబట్టల్లో వెళ్లాడు. పత్రికలు బట్టల గురించి రాశాయి, ఆ వంకన ఆయన వాదన గురించీ రాయక తప్పలేదు. అప్పటికే డెబ్బయ్యేళ్లు దాటిన మనిషి, లోకాన్ని వెక్కిరించడమే వృత్తిగా బతికినవాడు, ఆయన ఒంటిమీద అది ఇమిడింది. మన దగ్గర మొదటి పుస్తకం ఆవిష్కరణకే భుజాన కండువా, చేతిలో కర్ర, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని వచ్చిన పాతికేళ్ల కుర్రాడిని చూస్తే ఫోటోగ్రాఫర్‌కి సంతోషమే. పుస్తకంలో మాత్రం ఆ కండువాకి జోడు దొరకదు.

గుర్తు బయట వెతకొద్దు, మీ పుస్తకంలోనే ఉంటుంది. చాలామంది విషయంలో అది వాళ్లు పొద్దున్నే వెళ్లే ఉద్యోగంలోనో, వదిలేసి వచ్చిన ఊళ్లోనో దొరుకుతుంది. రావిశాస్త్రి విశాఖపట్నంలో ప్లీడరు. ఆయన కథల్లో కోర్టు గుమ్మాలు, బోనెక్కే బీదవాళ్లు, పోలీసులు, సారా కేసులు ఊరికే వచ్చి చేరలేదు. ప్లీడరు రాసిన కథలు అంటే చాలు, వినేవాడికి వాటి రుచి సగం తెలిసిపోతుంది. కేశవరెడ్డి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆస్పత్రి డాక్టరు. ఆ ఒక్క వాక్యం చెప్పి 'అతడు అడవిని జయించాడు' చేతిలో పెట్టండి, పుచ్చుకున్నవాడు ఇంకో పదిమందికి ఆ వాక్యమే చెబుతాడు. నామిని తన ఊరినే పేరు చేసుకున్నాడు, 'మిట్టూరోడి కథలు' అని. ఖదీర్‌బాబు నెల్లూరు జిల్లాలో ఒక పేటని పుస్తకం నెత్తికెత్తాడు, 'దర్గామిట్ట కతలు' అని. అప్పటిదాకా ఆ పేట పేరు నెల్లూరు దాటి ఎంతమందికి తెలుసు?

రంగనాయకమ్మ గారిది ఇంకో దారి. లావుపాటి పుస్తకం, ధర చూస్తే ఆశ్చర్యపోయేంత తక్కువ, లోపల ఎవరినీ వదలకుండా వాదన. ముఖం చూపించి సంపాదించిన గుర్తింపు కాదది. పుస్తకం తయారైన పద్ధతే, దాని ధరే ఆవిడ మాటకి కట్టుబడిన మనిషని చెబుతుంది. నమ్మిందొకటి, అమ్మేదొకటి కాదన్నమాట.

మీ గుర్తు ఏమిటో మీకు తోచకపోతే, తోచదు కూడా, అడగండి. చుట్టాలు కాని, మీకు మొహమాటపడని ముగ్గురు పాఠకులకి ఫోన్ చేసి, "నా పుస్తకం గురించి మీ ఆఫీసులో ఎవరికైనా చెప్పాలంటే ఏమని చెబుతారు?" అనండి. చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. "బాగుంటుందండీ, మానవ సంబంధాలు..." అన్నారంటే ఇంకా ఏదీ పట్టుబడలేదు. "ఆ బస్సు కథలు" అన్నారంటే దొరికింది. ముగ్గురూ మూడు రకాలుగా చెబితే కంగారు పడకండి, మీకు నచ్చింది కాకుండా వాళ్లకి త్వరగా నోటికొచ్చింది ఎంచుకోండి.

ఇప్పుడు ఆ ముక్కని పుస్తకం వెనక అట్ట మీదికి తేవాలి. తెలుగు పుస్తకాల్లో రచయిత పరిచయం ఎలా ఉంటుందో మీకు తెలుసు. "వీరు ఫలానా జిల్లా, ఫలానా మండలం, ఫలానా గ్రామంలో పుణ్యదంపతులైన శ్రీ ఫలానా, శ్రీమతి ఫలానా గార్లకు 1974లో జన్మించారు. ఎం.ఏ., బి.ఇడి. వివిధ పత్రికల్లో 80 కథలు, 200 కవితలు ప్రచురితం. పలు సంస్థల నుంచి సన్మానాలు, సత్కారాలు, బిరుదులు అందుకున్నారు. ప్రస్తుత నివాసం..." ఇది సర్వీసు రిజిస్టరు. దీని మీద పేరు మార్చి వేరే రచయిత పేరు వేసినా ఎవరూ పట్టుకోలేరు.

కరీంనగర్ వైపు ఆర్టీసీ కండక్టరు ఒకాయన కథలు రాశారనుకుందాం. ఆయన పరిచయం ఇలా ఉండొచ్చు: "కరీంనగర్–జగిత్యాల రూట్లో కండక్టరు. ఈ పుస్తకంలో కథలన్నీ బస్సులోనే మొదలవుతాయి, రెండు మాత్రం డిపోలో. అమ్మ దగ్గర విన్న సామెతలు, ప్రయాణికుల దగ్గర విన్న అబద్ధాలు తన ఆస్తి అంటారు. ఇది మొదటి సంపుటి." అంతే. తల్లిదండ్రుల పేర్ల మీద గౌరవం ఉంటే అంకితం పేజీ ఉంది, అక్కడ నిండుగా రాయొచ్చు. అవార్డు నిజంగా పెద్దదైతే ఒక్కటి చెప్పండి. పదహారు చెబితే పదహారూ చిన్నవే అనిపిస్తాయి.

ఈ పరిచయాన్ని మూడు కొలతల్లో సిద్ధం చేసి ఫోన్లో ఉంచుకోవాలి: ఒక్క వాక్యం, నాలుగు వాక్యాలు, ఒక పేజీ. ఎందుకంటే పత్రిక నుంచి ఫోన్ ఎప్పుడూ రాత్రి ఎనిమిదింటికే వస్తుంది. "సార్, పేజీ దిగుతోంది, ఫొటో, నాలుగు లైన్లు వాట్సాప్ చేయండి" అంటాడు సబ్ ఎడిటర్. అప్పుడు పెళ్లిలో ఉన్న మీరు పక్కవాడి భుజం కత్తిరించిన ఫొటో ఒకటి, తొందరలో తప్పులతో రాసిన నాలుగు ముక్కలు పంపిస్తారు. మర్నాడు జిల్లా అంతా మిమ్మల్ని చూసేది అలాగే. సిద్ధంగా ఉంటే అదే రాత్రి మీ మాట, మీ ముఖం మీరు అనుకున్నట్టే వెళతాయి. ఇందులో పైసా ఖర్చు లేదు.

ఫొటో అన్నాను కాబట్టి శాలువా గురించి చెప్పాలి. తెలుగు రచయిత ఫొటో అడిగితే నూటికి తొంభై మంది దగ్గర ఉండేది ఒకటే రకం. వేదిక, వెనక ఫ్లెక్సీ, భుజాల మీద జరీ శాలువా, చేతిలో మెమెంటో, అటు ముగ్గురు ఇటు నలుగురు, అందరి కళ్లూ వేరే కెమెరా వైపు. ఆ ఫొటో ఇంట్లో గోడకి పెట్టుకోండి, పాఠకుడికి పంపకండి. పాఠకుడికి కావలసింది మీకు సన్మానం జరిగిందన్న సమాచారం కాదు, మీరు ఎలాంటి మనిషో. పొద్దున తొమ్మిది లోపు, కిటికీ పక్కన, మీరు నిజంగా కూచునే చోట, రోజూ వేసుకునే బట్టల్లో, తెలిసినవాళ్లెవరైనా ఫోన్‌తో తీసినా చాలు. ఆ కండక్టరు గారైతే డిపోలో ఆగి ఉన్న బస్సు మెట్ల మీద (యూనిఫాంలో తీయించుకునే ముందు డిపో మేనేజర్‌ని అడగడం మేలు). తీయించాక ఆ ఒక్క ఫొటోనే రెండు మూడేళ్లు అన్నిచోట్లా వాడండి. పుస్తకం మీద ఒక ముఖం, ఫేస్‌బుక్‌లో ఒక ముఖం, పత్రికలో ఇరవై ఏళ్ల కిందటి ముఖం ఉంటే సభలో ఎదురుపడ్డ పాఠకుడు పోల్చుకోలేక పక్కనుంచే వెళ్లిపోతాడు.

అక్షరాలకీ ముఖం ఉంటుంది. బాపు రాసిన అక్షరం చూడగానే ఎవరి చేతిరాతో తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. ముళ్లపూడి పుస్తకం అంటే ఆ అక్షరాలు, ఆ బొమ్మలు కలిసే గుర్తొస్తాయి. అందరికీ బాపు దొరకడు. కానీ మీ పేరు అట్ట మీద ఒకే ఫాంటులో, ఒకే తరహాలో మూడు పుస్తకాల పాటు కనబడేలా ప్రచురణకర్తని అడిగితే కాదనేదేమీ ఉండదు. చాలామంది అడగరు, అంతే.

పేరు గురించి కొంచెం కఠినంగానే చెబుతాను. మీ పేరు శ్రీనివాస్, ఇంటిపేరు పొట్టి అక్షరంగా ముందున్నదీ అయితే, గూగుల్లో మీరు లేనట్టే. ఒక డాక్టరు, ఇద్దరు రియల్ ఎస్టేట్ వాళ్లు, ఒక కార్పొరేటరు దాటాక గాని మీరు రారు. శ్రీరంగం శ్రీనివాసరావు ఈ చిక్కుని గూగుల్ పుట్టకముందే శ్రీశ్రీ అన్న రెండక్షరాలతో తేల్చేశాడు. భాగవతుల సదాశివ శంకరశాస్త్రి ఆరుద్ర అయ్యాడు. పోపూరి లలితకుమారి ఓల్గా అయ్యారు. కలంపేరు పెట్టుకోవాలనుకుంటే మొదటి పుస్తకానికి ముందే పెట్టుకోండి, మూడో పుస్తకానికి మారిస్తే మొదటి రెండూ అనాథలవుతాయి. పెట్టుకోబోయే పేరు ఫోన్లో వినిపించి రాయమనండి. వినేవాడు రెండోసారి అడక్కుండా రాయగలిగితే పనికొస్తుంది. ఇంగ్లిషు స్పెల్లింగు ఒకటే ఖాయం చేసుకుని బ్యాంకు సంతకంలా దానికే కట్టుబడాలి. ఒకచోట 'హెచ్' ఉండి ఇంకోచోట లేకపోతే వెతికే యంత్రానికి మీరు ఇద్దరు మనుషులు.

ఇక బిరుదులు. ఎవరో ఇచ్చిన బిరుదుని జనం పలికితే అది బిరుదు. కాళోజీని ప్రజాకవి అని జనం అన్నారు, విజిటింగ్ కార్డు అనలేదు. మన పేరు ముందు మనమే 'సాహితీ' అని మొదలయ్యే మాటేదో అచ్చు వేయించుకుంటే చదివేవాడు నవ్వుకుంటాడు, మొహమాటానికి మన ఎదుట నవ్వడు. పేరు వినని విశ్వవిద్యాలయం ఇచ్చిన గౌరవ డాక్టరేటు ఇంకా ప్రమాదం. అసలు డాక్టరేటు ఉన్నవాళ్లని కూడా అనుమానంగా చూసే రోజులొచ్చాయి దాని వల్ల.

మీ గురించి మీరు చెప్పే పది మాటల కన్నా ఇంకొకరి మాట ఒకటి ఎక్కువ దూరం పోతుంది, నిజమే. 'మహాప్రస్థానం' 1950లో పుస్తకంగా వచ్చింది. దానికి చలం 'యోగ్యతా పత్రం' 1940లోనే రాసి పెట్టాడు. ఆ ముందుమాట చదివినవాళ్లకి శ్రీశ్రీ ఎలాంటి కవో కవితల కన్నా ముందే ఒళ్లు జలదరించేలా తెలిసిపోయింది. ఇది చూసి మనవాళ్లు ముందుమాటలు పోగేయడం మొదలుపెట్టారు. నూటపాతిక పేజీల పుస్తకానికి ఐదు ముందుమాటలు, ఒక ఆశీస్సు, ఒక అభినందన, ఒక ఆత్మీయ వాక్యం, ఆ తర్వాత 'నా మాట'. కథ దగ్గరికి చేరేసరికి ముప్పయ్యో పేజీ. ఐదుగురిలో నలుగురు పుస్తకం తిరగేసి మాత్రమే రాశారని వాళ్ల వాక్యాలే చెబుతుంటాయి. ఒక్కరిని అడగండి, పూర్తిగా చదివే మనిషిని. మీరు రాసే సంగతి తెలిసినవాళ్లయితే ఇంకా మంచిది. ఆ కండక్టరు గారి పుస్తకానికి పేరున్న విమర్శకుడి కన్నా రిటైరైన డ్రైవరు రాసిన పేజీ ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

ఆవిష్కరణ సభ మన దగ్గర ఒక ప్రత్యేకమైన శిక్ష. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనైనా, త్యాగరాయ గానసభలోనైనా, విశాఖ పౌర గ్రంథాలయంలోనైనా పద్ధతి ఒకటే. ఆరింటికి అని వేసి ఆరుంపావుకి మొదలు, వేదిక మీద ఎనిమిది మంది, అందరూ మాట్లాడాక రచయిత స్పందన అంటారు. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ. మిగిలినవాళ్లు బస్సు టైము చూసుకుంటుంటారు. రచయిత పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి కూచుంటాడు. వచ్చినవాళ్లంతా ఆయన గొంతులో ఆయన వాక్యం ఒక్కటి కూడా వినకుండా ఇంటికెళతారు. సభ మీది, ఖర్చు మీది, మీ మాటే మొదట ఉండేలా ఎందుకు ఏర్పాటు చేసుకోకూడదు? వక్తలు ముగ్గురు చాలు. మొదటి పది నిమిషాల్లో మీరు లేచి పుస్తకంలో ఒక పేజీ చదవండి, అంతకుముందు ఇంట్లో గట్టిగా చదివి చూసుకోండి. తర్వాత ఈ పుస్తకం ఎలా పుట్టిందో ఒక సంగతి చెప్పండి. ఆ సంగతిని ఎక్కడికెళ్లినా అదే చెప్పండి. మీకు విసుగు పుడుతుంది, వినేవాళ్లు ప్రతిసారీ కొత్తవాళ్లే.

సోషల్ మీడియా గురించి నాకు ఒకటే మాట. మీరు ఏ సంగతితో గుర్తుండాలనుకుంటున్నారో ఆ సంగతి మీదే వారానికి ఒకటి రాయండి, మిగతా రోజులు ఊరుకోండి. కండక్టరు గారు బస్సు గురించి రాస్తే వేలమంది చదువుతారు. ఆయనే క్రికెట్ మీద, రాజకీయం మీద, సినిమా టీజరు మీద, అందరి పుట్టినరోజుల మీద రాస్తే ఆయన కూడా అందరిలో ఒకడు. గొంతు బాగుంటే ఆడియో వైపు చూడండి. 'దాసుభాషితం' లాంటి యాప్‌ల ద్వారా తెలుగు పుస్తకాలు వినే జనం తయారయ్యారు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో కారు నడుపుతూ వినేవాళ్లు అందులో ఉన్నారు. వాళ్ల పిల్లలకి తెలుగు చదవడం రాకపోయినా వింటే అర్థమవుతుంది.

నలుగురిలోకి రావడం ఇష్టం లేనివాళ్లు దిగులు పడక్కర్లేదు. మల్లాది వెంకటకృష్ణమూర్తి ఇన్ని దశాబ్దాలు అన్ని నవలలు రాసి ఫొటో బయట పెట్టకుండా, సభలకి రాకుండానే నెట్టుకొచ్చారు. 'చంటబ్బాయి' సినిమా చూసి పడీపడీ నవ్వినవాళ్లలో ఆ కథ రాసినాయన ఎలా ఉంటాడో తెలిసినవాళ్లు ఎంతమంది? ఆ కనబడకపోవడమే ఆయన గుర్తయింది. కాకపోతే అది ఏళ్ల తరబడి మాట తప్పకుండా పాటించినందుకు వచ్చింది. ఈ నెల అజ్ఞాతంలో ఉండి వచ్చే నెల టీవీ ఇంటర్వ్యూ ఇస్తే రెండింటికీ చెడతాం. ఆయనకి వారపత్రికల దన్ను కూడా ఉండేది. ప్రతి వారం పేరు అచ్చులో కనబడే ఆ రోజులు ఇప్పుడు లేవు కాబట్టి, ముఖం దాచేవాళ్లు అక్షరాన్ని ఎక్కడో ఒకచోట క్రమం తప్పకుండా చూపించాల్సిందే. 'ఈమాట', 'సారంగ' లాంటి వెబ్ పత్రికలు అందుకు ఉన్నాయి.

గుర్తు అంటుకున్నాక అది వదలదన్న భయం కూడా ఉంటుంది. యండమూరిని చూడండి. చార్టర్డ్ అకౌంటెంటు. 'తులసిదళం'తో రాష్ట్రమంతా రాత్రిళ్లు నిద్ర లేకుండా చేశాడు. అక్కడే ఉండిపోతే క్షుద్రవిద్యల రచయితగా మిగిలేవాడు. 'వెన్నెల్లో ఆడపిల్ల' లాంటి నవలలు రాసి, తర్వాత 'విజయానికి ఐదు మెట్లు'తో వ్యక్తిత్వ వికాసం వైపు తిరిగాడు. ఇవాళ్టి కాలేజీ పిల్లలకి ఆయన ఆ పుస్తకంతోనే తెలుసు, వాళ్ల అమ్మలకి నవలలతో తెలుసు. మలుపు తీసుకున్నప్పుడు పాతదాన్ని దాచలేదు, కొత్తదాన్ని ఒక్క పుస్తకంతో ఆపలేదు. మీరు మారాలనుకుంటే కొత్త తరహాలో కనీసం రెండు పుస్తకాలు చేతిలో ఉంచుకుని మారండి. ఒక్కదానితో మారితే పాఠకుడు దాన్ని పొరపాటు కింద కొట్టేస్తాడు.

ఉద్యోగం చేస్తూ రాసేవాళ్లకి ఇంకో జాగ్రత్త అవసరం. ఉద్యోగమే మీ గుర్తు అయితే యజమాని ఎవరన్నది కూడా అందులోకి వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి, పుస్తకం వేసినా మీడియాలో మాట్లాడినా ఆ అభిప్రాయాలు సొంతవే గాని ప్రభుత్వానివి కావని స్పష్టం చేయమంటుంది. రాష్ట్ర ఉద్యోగులకి వాళ్ల నియమాలు వేరే ఉంటాయి, ప్రైవేటు కంపెనీల్లో అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లోనే ఈ సంగతి ఇరికించి ఉంటుంది. తీసి చదవండి. పరిచయంలో "బ్యాంకు ఉద్యోగి" అనడానికీ ఫలానా బ్యాంకు ఫలానా బ్రాంచి అనడానికీ చాలా తేడా ఉంది. మొదటిది మీ కథకి నేపథ్యం, రెండోది మీ మేనేజరుకి తలనొప్పి. మీ దగ్గరికి పనిమీద వచ్చేవాళ్ల కథలు రాస్తుంటే, నర్సులు, టీచర్లు, పోలీసులు ముఖ్యంగా, ఊరూ పేరూ మార్చితే చాలదు. ఆ మనిషి చదివినా తనని తాను పోల్చుకోలేనంతగా మార్చాలి. "మన సంగతులన్నీ రాసేస్తుంది" అన్న పేరు ఒకసారి వస్తే ఆ నర్సు దగ్గర ఎవరూ నోరు విప్పరు. ఉద్యోగానికి దెబ్బ, కథలకి అంతకన్నా పెద్ద దెబ్బ.

డిసెంబరు వస్తే హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. ఏడాదిలో పాఠకుడు రచయిత కోసం తనంతట తాను నడిచొచ్చే రోజులు ఇవే. స్టాల్లో బల్ల వెనక కుర్చీలో కూచుని ఫోన్ చూసుకోకండి, ముందుకొచ్చి నిలబడండి. పుస్తకం చేతిలోకి తీసుకున్నవాడిని వెంటనే పలకరించొద్దు, వెనక అట్ట చదవనివ్వండి, మీ నాలుగు వాక్యాలు అక్కడ ఉన్నది అందుకే. తలెత్తి చూస్తే అప్పుడు, "ఇవి బస్సులో కథలండీ, నేను కండక్టర్ని" అంటే చాలు. కొంటే పేరు అడిగి, ఎలా రాయాలో కూడా అడిగి, తెలుగులో సంతకం చేసి, తేదీ, ఊరు వేసివ్వండి. 'శుభాకాంక్షలతో' అని అందరికీ రాసేదే రాయకుండా, వాళ్లెక్కడి నుంచి వచ్చారో కనుక్కుని ఆ ఊరి మాట ఒకటి చేర్చండి. కొనకుండా వెళ్లేవాళ్లకి పుస్తకం పేరు, మీ పేరు, క్యూఆర్ కోడ్ ఉన్న బుక్‌మార్క్ ఒకటి ఇవ్వండి. వెయ్యి వేయించినా ఖర్చు పెద్దగా కాదు. అది ఎవరి పుస్తకంలోనైనా పెట్టుకోవచ్చు, మీది కొనాలన్న నియమం లేదు.